వాడి ఫోనులో నేనున్నాను

(జగదల్‌పూర్‌లో మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



లోపలికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు అడిగారు, వేదిక మీద మాస్టారి ఫొటో లేదేమిటని. నిర్వాహకులు మరిచిపోలేదు. సభ పెడితే పెట్టుకోండి గానీ ఫొటోకి దండ వెయ్యొద్దని, ఫ్లెక్సీ మీద పేరు రాయొద్దని ఆయనే చెప్పి వెళ్లారు. ఇంద్రావతి ఒడ్డు పల్లెల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల చేత పలక పట్టించిన మనిషికి, ఊరు పిలిచిన 'మాస్టారు' అన్న పిలుపే చాలనిపించింది కాబోలు. నేనూ అలాగే అంటాను. ఇవాళ నా మాటల్లో ఇంకా కొందరి పేర్లు వినపడవు. ఆయన పేరు ఆయన వద్దన్నారు, పిల్లల పేర్లు చట్టం వద్దంది.

ఇంకో సంగతి. నేను పంపిన అంశం 'ఆన్‌లైన్‌లో పిల్లల మీద లైంగిక దోపిడీ'. మీ చేతుల్లో ఉన్న కార్డులో అది 'పిల్లలు, సైబర్ భద్రత' అయింది. కార్డు ఇంటింటికీ వెళ్తుంది, పిల్లలు చదువుతారు, బాగుండదు మేడమ్ అన్నారు మన కుర్రాళ్లు. నాకు కోపం రాలేదు, కాస్త నవ్వొచ్చింది. ఒకరన్న మాటను ఇంకొకరు మర్యాదగా మార్చి రాసుకోవడం గురించే నేను మాట్లాడదామని వచ్చాను మరి.

మాస్టారి దగ్గర హాజరుపట్టీతో పాటు ఒక నోటుబుక్కు ఉండేది. బడికి రాని పిల్లలు ఎందుకు రాలేదో అందులో రాసేవారు. మిగతా పంతుళ్లు 'జ్వరం', 'ఇంటిపని' అని రాసి ఊరుకునే చోట ఆయన పిల్లవాడు ఏమంటే అదే రాసేవారు. 'దూడ నన్ను వదల్లేదు' అని ఒక వాక్యం నాకు ఇప్పటికీ గుర్తు. తనిఖీకి వచ్చిన అధికారి దాని కింద ఎర్ర సిరాతో గీత కొట్టి, ఇదేం కారణమయ్యా అన్నాడు. 'కారణం వాడిది సార్, చేతిరాత ఒకటే నాది' అన్నారు మాస్టారు.

ఆయన దగ్గరే నేను గోండి, దొర్లి నేర్చుకున్నాను. తెలుగువాళ్లకి గోండి మరీ పరాయిది కాదు. రెండూ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మకు కాసినవి. ఇక దొర్లిలో, హిందీలో 'కొంటా' అని రాసే మన కుంట వైపు, తెలుగు ముక్కలు అడుగడుగునా తగులుతాయి. అలా నేర్చిన రెండు ముక్కలతోనే తర్వాత ఠాణాల్లో, కోర్టుల్లో పిల్లల వాంగ్మూలాలకు దుబాసీగా కూర్చునే పని నా నెత్తిన పడింది.

అందులో ఒక రోజు సంగతి చెబుతాను. ఏ జిల్లా, ఏ ఏడాది, ఏ తెగ అని అడక్కండి. గుర్తుపట్టడానికి వీలున్నవన్నీ తీసేశాను.

ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని చున్నీ కొస వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. ఎదురుగా మామూలు చీరలో మహిళా ఎస్సై. పక్కన కంప్యూటర్ ముందు టైపు చేసే కుర్రాడు. ఏం జరిగింది తల్లీ అంటే చాలాసేపు మాట లేదు. గ్లాసెడు నీళ్లు తాగింది. తర్వాత నా వైపు తిరిగి తన భాషలో ఒక్క ముక్క అంది.

'వాడి ఫోనులో నేనున్నాను.'

నేను హిందీలో చెప్పాను. నేను నోరు మూసేలోపే కుర్రాడు టైపు కొట్టేశాడు. 'ఆరోపీ కే మొబైల్ మే పీడితా కీ ఆపత్తిజనక్ ఫోటో హై.' నిందితుడి మొబైల్లో బాధితురాలి అభ్యంతరకరమైన ఫొటో ఉందని. కేసుకు కావలసిందంతా అందులో ఉంది, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ పిల్ల ఫొటో అనలేదు. అభ్యంతరకరం అసలే అనలేదు. తాను ఉన్నానంది. వాడు సంతకెళ్తే ఆ జేబులో తానూ సంతకెళ్తోంది. వాడు చెట్టు కింద ఫోను తీసి ఇంకొకడికి చూపిస్తే తాను వాళ్లిద్దరి మధ్యా నిలబడుతోంది. రాత్రి నిద్ర పట్టదెందుకంటే తాను పూర్తిగా ఇంటికి రాలేదు. ఇదంతా 'అభ్యంతరకరం'లో ఎక్కడుంది? అభ్యంతరం చూసేవాళ్లకు వస్తుంది. పిల్లకు కలిగింది అభ్యంతరం కాదు.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజున అమల్లోకి వచ్చింది. దాని గురించి మన ఠాణాల్లో అందరికీ తెలిసింది శిక్షల సంగతి. నాకు ఇష్టమైన సెక్షను 26. పోలీసులైనా మేజిస్ట్రేటయినా బిడ్డ చెప్పింది బిడ్డ పలికినట్టే రాసుకోవాలంటుంది. తల్లిదండ్రులో, బిడ్డకు నమ్మకమున్న మరొకరో పక్కన ఉండాలంటుంది. అవసరమైతే దుబాసీని పెట్టుకొమ్మంటుంది. ఆ సెక్షను చదివినప్పుడల్లా ఎవరో మాస్టారి నోటుబుక్కు చూసి రాశారేమో అనిపిస్తుంది నాకు. ఆ రోజు నేను ఎస్సైకి ఆ మాటే గుర్తుచేశాను. మంచి మనిషి. కుర్రాడి వైపు చూసి 'కొట్టెయ్, మళ్లీ రాయి' అంది. రెండోసారి వాంగ్మూలంలో పిల్ల మాట పిల్లదిగానే పడింది.

ఇదేదో భాష మీద నాకున్న చాదస్తం అనుకునేరు. అత్యున్నత న్యాయస్థానానికి కూడా ఈ చాదస్తం పట్టింది. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పిల్లల అశ్లీల దృశ్యాలు ఫోనులో దాచుకుని తానొక్కడే చూసుకుంటే నేరం కాదని. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టేసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా ఉన్న ధర్మాసనం అది. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. 'చైల్డ్ పోర్నోగ్రఫీ' అన్న పదమే తప్పు, ఇకనుంచి కోర్టులు ఆ పదం వాడకూడదు, దాన్ని పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకీ వేధింపులకూ సంబంధించిన సామగ్రి అనాలి అంది. అశ్లీలం అంటే నేరం బొమ్మలో ఉన్నట్టు. బొమ్మ వెనక ఒక బిడ్డ మీద జరిగినదాని ఆనవాలు అది. దాన్ని చూసిన ప్రతివాడూ ఆ గదిలోకి వెళ్లి వచ్చినవాడే. పద్నాలుగేళ్ల పిల్ల చెప్పిందీ అదే కదా.

బస్తర్‌లో ఇది కొత్త దుఃఖమని నేననుకోను. ఇక్కడి బిడ్డల బొమ్మలు బయటివాళ్ల చేతుల్లో ఊరు దాటడం ఫోను రాకముందే మొదలైంది. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ ఇక్కడి మురియా గోండుల ఘోటుల్ మీద పెద్ద పుస్తకం 1947లో వేశాడు. చెలిక్‌లు, మోటియారీలు అని హల్బీలో పిలిచే పెళ్లికాని కుర్రకారు సాయంత్రం పూట చేరి, పాటలూ ఆటలూ పనీ క్రమశిక్షణా నేర్చుకునే చోటు ఘోటుల్. ఎల్విన్ ప్రేమతోనే రాశాడు, నాకు సందేహం లేదు. కానీ ఆ పుస్తకం చదివినవాళ్ల కంటే అందులో ఏముందో విన్నవాళ్లు వెయ్యింతలు. కెమెరాలు మెడలో వేసుకుని ఘోటుల్ ఎక్కడుందని అడుగుతూ వచ్చినవాళ్లు వచ్చారు. ఆ చూపు తట్టుకోలేక తలుపులు మూసుకున్న ఊళ్లున్నాయి. పట్నంలో చదువుకునే మురియా పిల్లను ఇప్పటికీ వెకిలి ప్రశ్నలు అడిగేవాళ్లున్నారు. ఇద్దరు విద్యార్థినులు నాకు స్వయంగా చెప్పారు.

నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్‌లో చెంద్రూ అనే పిల్లవాడు ఉండేవాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డార్ఫ్ అతన్నీ అతనితో ఆడుకునే పులినీ పెట్టి సినిమా తీశాడు. 1957లో విడుదలైంది, సంగీతం రవిశంకర్‌ది. చెంద్రూ స్వీడన్ వెళ్లాడు, ఫొటోల పుస్తకాలు వచ్చాయి, ప్రపంచం చూసింది. తర్వాత అతను ఊరికి తిరిగొచ్చి, సేద్యం చేసుకుంటూ, పేదవాడిగా 2013 సెప్టెంబరులో కన్నుమూశాడు. అది దోపిడీ అని నేననడం లేదు, ఈ సభ అంశంతో దాన్ని ఒకే గాట కట్టడమూ లేదు. బొమ్మ ఎంత దూరం పోయిందో, మనిషి ఎంత దగ్గరలో ఉండిపోయాడో ఒకసారి చూడమంటున్నాను.

2021లో సుక్మా జిల్లా ఛింద్‌గఢ్ పిల్లవాడి పాట మీ అందరి ఫోన్లలోనూ మోగింది. రెండేళ్ల ముందు బడిలో పాడితే ఎవరో వీడియో తీశారు. రెండేళ్లు అది ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు, ఒక రోజు దేశమంతా పాడింది. ఆ పిల్లవాడికి మంచే జరిగింది, సంతోషం. అయితే ఒక పిల్లవాడి వీడియో రెండేళ్ల తర్వాత, తనకు తెలియకుండా, తన ఊరు కాని ఊళ్లలో లేచి కూర్చుంటుందన్నది ఆ పాటతో బస్తర్ కళ్లారా చూసింది. పాట పట్టిన దారే ఇంకోదానికీ దారి.

ఫోను మనకు అంచెలంచెలుగా రాలేదు. ల్యాండ్‌లైన్ చూడని ఊరికి టవరొచ్చింది, టీవీ లేని ఇంటికి స్మార్ట్‌ఫోనొచ్చింది. 2018లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన పేరున 50 లక్షలకు పైగా ఫోన్లు పంచాలని పెట్టుకుంది. పల్లె మహిళలకు, కాలేజీ పిల్లలకు. ఎన్నికలయ్యాక పథకం ఆగిపోయింది గానీ పంచినంత పంచారు. డబ్బాలో ఛార్జరిచ్చారు, ఇయర్‌ఫోన్లిచ్చారు. ఈ వస్తువు నీ బొమ్మను ఎక్కడికి తీసుకుపోగలదో చెప్పే మనిషిని మాత్రం డబ్బాలో పెట్టలేదు.

సంతలో మొబైల్ కొట్టు చూశారా? నేను ప్రతివారం చూస్తాను. బల్ల మీద ఒకే ప్లగ్గు పెట్టెకు ఇరవై తీగలు. కరెంటు సరిగా లేని పల్లెల వాళ్లు పొద్దున వచ్చి ఫోను ఇస్తారు, పది రూపాయలిస్తారు, ఇప్పపువ్వు అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని సాయంత్రం తీసుకుంటారు. కలిసిపోకుండా ప్రతి ఫోనుకీ వెనకాల ప్లాస్టరు ముక్క, దాని మీద పేరు. తాళం తీసే గీత కూడా కొందరు కొట్టువాడికి చెప్పే వెళ్తారు, మెమొరీ కార్డులో పాటలు ఎక్కించాలిగా. ఆ ఇరవై ఫోన్లలో ఆడపిల్లల ఫోన్లు ఎన్ని, అందులో ఎవరి బొమ్మలున్నాయి, ఆ పగలంతా ఎవరు చూశారు? నిజాయితీగా వ్యాపారం చేసుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లను అనడం లేదు. అయినా ఆ ప్లాస్టరు ముక్కల మీద పేర్లు చూసినప్పుడల్లా నాకు గుండె దడ.

పోక్సో చట్టంలో 20వ సెక్షను ఫొటో స్టూడియోల వాళ్ల మీద, హోటళ్ల మీద, ఆసుపత్రుల మీద ఒక బాధ్యత పెట్టింది. పిల్లల మీద లైంగిక దోపిడీ జరిగిన ఆనవాలున్న వస్తువు ఏది కంటపడినా పోలీసులకు చెప్పి తీరాలి. ఫొటో స్టూడియో పని ఇప్పుడు సగం మొబైల్ కొట్టే చేస్తోంది. సంత కొట్ల వాళ్లను కూర్చోబెట్టి ఈ మాట వాళ్ల భాషలో చెప్పిన అధికారి నాకు ఇంతవరకు తారసపడలేదు.

మోసం ఎలా మొదలవుతుందంటే, చాలా మామూలుగా. ఇన్‌స్టాలో పిల్ల ఒక రీల్ పెడుతుంది. తెల్లారేసరికి ఎవరో 'చాలా బాగున్నావు' అంటారు. ప్రొఫైల్లో పదహారేళ్ల కుర్రాడి బొమ్మ, ఆ బొమ్మ ఎవరిదో దేవుడికెరుక. వారం రోజులు తిన్నావా, పడుకున్నావా. హాస్టల్లో ఎవరూ అడగని ప్రశ్నలవి. తర్వాత డేటా రీఛార్జ్ చేయించి పెడతాడు. తర్వాత ఒక ఫొటో. తర్వాత ఇంకోలాంటిది. మొదటిది పంపిన రాత్రి నుంచి రెండో దానికి అడగడం ఉండదు, బెదిరింపే. వైరల్ చేస్తా. మీ అన్నకు పంపుతా. మీ మేడమ్‌కు పంపుతా. ఈమధ్య మొదటి ఫొటో కూడా అక్కర్లేకుండా పోయింది. మామూలు పుట్టినరోజు ఫొటో దొరికితే ఏఐతో మిగతాది వాళ్లే తయారుచేసుకుంటున్నారు. అబ్బాయిల దగ్గర మార్పల్లా ఒకటే, కథ వారాల్లో కాకుండా గంటల్లో ముగుస్తుంది. వీడియో కాల్, రికార్డింగు, డబ్బు పంపు. డబ్బు లేని అబ్బాయి ఏం చేస్తాడన్న ఆలోచన తల్లిదండ్రులకు ముందు రావాలి, తర్వాత కాదు. అబ్బాయిలు ఆడపిల్లల కంటే తక్కువ చెబుతారు.

తెలియనివాడే ప్రమాదం అనుకోవడం మనకు ఊరట. నా ముందు కూర్చున్న పిల్లల్లో ఎక్కువమందికి ఫోను పట్టుకున్న చెయ్యి తెలిసిన చెయ్యే. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం కాలంలో బడి భవనాలు పోయాక వెదురు తడకలతో పోర్టా కేబిన్లనే బడి హాస్టళ్లు కట్టారు, ఒక్కోదాంట్లో వందల మంది. బతికి చదువుకోవాలంటే అమ్మానాన్నల్ని వదిలి అక్కడికి రావాల్సిందే. వాటి వల్ల చదువుకున్న పిల్లలు వేలల్లో ఉన్నారు, అది కాదనను. కానీ 2013 జనవరిలో కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమ బడి సంగతి బయటపడ్డప్పుడు దేశం నివ్వెరపోయింది. లైంగిక దాడికి గురైన చిన్నారి ఆడపిల్లలు 11 మంది. చేసినవాళ్లు కాపలాదారు, పాఠం చెప్పే శిక్షాకర్మి. ఇద్దరికీ యావజ్జీవం పడింది. తెలిసీ నోరు మెదపని వాళ్లనూ కేసులోకి లాగారు. అక్కడ కెమెరా లేదు, ఇంటర్నెట్ లేదు. పిల్ల చెబితే వినే మొదటి మనిషే లేకపోయారు. ఇవాళ అదే గదిలోకి ఫోను కూడా వచ్చి చేరింది, అంతే తేడా.

ఆ మొదటి మనిషి గురించే నా బెంగంతా. హాస్టల్లో పిల్ల ఏడుస్తూ వచ్చి చెబితే మన నోట మొదట వచ్చే మాట ఏమిటి? 'నువ్వెందుకు పంపావు?' రెండోది ఫోను లాక్కోవడం. పిల్లకు అర్థమయ్యేది ఒకటే, చెబితే ఫోను పోతుంది, బడి పోతుంది, పెళ్లి చేసేస్తారు. బెదిరించేవాడికి ఇంత సాయం ఇంకెవరు చేస్తారు? వాడు 'మీవాళ్లకు చెప్పేస్తా' అని భయపెట్టగలుగుతున్నాడంటే మనవాళ్లంటే భయం మనమే పెంచిపోషించాం కనక. వార్డెన్లకు నేను రాతపూర్వకంగా ఇచ్చే సలహా ఒక్క వాక్యం. పిల్ల చెప్పగానే 'నువ్వు నాకు చెప్పడం మంచిదైంది' అనండి, తర్వాత ఒక నిమిషం ఏమీ అనకండి.

ఆ తర్వాతి పనులు పెద్ద కష్టమైనవి కావు. చాట్ చెరపొద్దు. నంబరు, ఖాతా పేరు, తేదీ రాసుకోవాలి. డబ్బు పంపొద్దు, పంపితే ఆగదు. ఆ బొమ్మను మాత్రం ఎవరికీ పంపొద్దు, సాక్ష్యం చూపిద్దామని పెద్దాయనకూ వద్దు, గ్రూపులో 'ఈ దుర్మార్గుణ్ణి పట్టించండి' అని పెట్టడం అసలే వద్దు. మంచి ఉద్దేశంతో పంపినా అది పంపిణీయే. ఐటీ చట్టం 67బీ మొదటిసారికే అయిదేళ్ల దాకా శిక్ష అంటుంది. పిల్లల్ని ఇలాంటి పనికి మెల్లగా మచ్చిక చేసుకోవడం కూడా అదే సెక్షను కింద నేరం. ఫోన్లు 1098కి, 112కి. డబ్బు పోతే వెంటనే 1930కి. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, పేరు చెప్పకుండా కూడా. మా పరిధి కాదని ఠాణా తిప్పి పంపడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. విషయం తెలిసిన పెద్దవాళ్లు చెప్పకపోతే 21వ సెక్షను కింద వాళ్లదే నేరం. సంస్థ నడిపేవారికి ఏడాది దాకా జైలు. హాస్టల్ పరువు కోసం పంచాయితీ పెట్టి సర్దేసే పెద్దమనుషులు ఆ ఏడాదిని లెక్కలో వేసుకోవాలి.

ఆ సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉందంటే దాని వెనక మన హైదరాబాద్ ఉంది. ప్రజ్వల సంస్థ నడిపే సునీతా కృష్ణన్ 2015 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు సామూహిక అత్యాచార వీడియోలు జతచేశారు. చేసినవాళ్లు ముఖాలు దాచుకోకుండా నవ్వుతున్నారు అందులో. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. ఆ విచారణలోంచే 2018లో ఈ ఫిర్యాదుల పోర్టల్ పుట్టింది. ఒక తెలుగూరి నుంచి వెళ్లిన ఉత్తరం అంత పని చేసింది.

అదే తెలుగునాట 2024 జూలైలో ఇంకోటి కూడా చూశాం. ఒక తండ్రీకూతుళ్ల వీడియోను ముందు పెట్టుకుని ఒక తెలుగు యూట్యూబర్, అతని మిత్రులు నోటితో చెప్పలేని వెకిలి మాటలతో పడీపడీ నవ్వుకున్నారు. నటుడు సాయిధరమ్ తేజ్ అది బయటపెట్టి ప్రభుత్వాలను నిలదీశాకే కదలిక వచ్చింది, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అతన్ని బెంగళూరులో అరెస్టు చేసింది. ఆ వీడియోలో బిడ్డ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముద్దుగా తీసి ముద్దుగా పెట్టుకున్న వీడియో అది. మన ఇంటి పసివాళ్ల స్నానాలు, ఓణీల వేడుకలు స్టేటస్‌లో పెట్టే ముందు ఆ నవ్వులు ఒకసారి గుర్తుచేసుకోండి. పెట్టొద్దనే హక్కు నాకు లేదు.

ఇక లెక్కలు. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రానికి ప్రధానంగా ఇంటర్నెట్ కంపెనీల నుంచి 2023లో 3.6 కోట్ల ఫిర్యాదులు అందాయి. అందులో భారత్‌తో ముడిపడినవి సుమారు 89 లక్షలు, ఏ దేశానికీ అన్ని లేవు. 2019 ఒప్పందం ప్రకారం మన జాతీయ నేర రికార్డుల బ్యూరోకి ఆ సమాచారం వస్తుంది, అక్కడి నుంచి రాష్ట్రాలకు, జిల్లాలకు. ఆ అంకె చూసి భయపడిపోవద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు. ఒకే బొమ్మను వెయ్యిమంది పంపితే వెయ్యి ఫిర్యాదులు కావచ్చు. అయితే నన్ను కలవరపెట్టేది ఆ 89 లక్షలు కాదు. యంత్రం పట్టుకున్నవి అవి. సెక్షను 26 కోరిన మనిషి దొరక్క చెప్పకుండా ఉండిపోయిన గోండి మాట ఏ లెక్కలోకీ రాలేదు.

యంత్రానికి తెలివి ఉంది, ఒప్పుకుంటాను. 'టేక్ ఇట్ డౌన్' అని ఆ అమెరికా కేంద్రమే ఒక సేవ నడుపుతోంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన బొమ్మ అయితే పిల్లలే ఇంట్లో కూర్చుని అడగొచ్చు. బొమ్మ ఫోను దాటదు, దాని వేలిముద్ర లాంటి ఒక అంకెల వరస మాత్రం వెళ్తుంది. ఒప్పుకున్న కంపెనీలు ఆ వేలిముద్ర తగిలిన చోటల్లా తొలగిస్తాయి. బొమ్మ చూడకుండా బొమ్మను పట్టుకునే ఈ కిటుకు నిజంగా గొప్పది. వాట్సాప్ లాంటి తాళం వేసిన సందేశాల్లో తిరిగేదాన్ని మాత్రం అది అందుకోలేదు. పైగా బొమ్మ పిల్ల దగ్గర ఉండాలి. నేను చెప్పిన పిల్ల దగ్గర లేదు. వాడి దగ్గర ఉంది.

గోండిలో ఫిర్యాదు కుదరదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. 2010లోనే శుభ్రాంశు చౌధరి సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. మామూలు బటన్ ఫోనుతో నంబరు కొట్టి, తన భాషలో తన ఊరి గోడు చెప్పుకుంటే అది రికార్డయ్యేది, ఇంకెవరైనా ఫోను చేసి వినగలిగేవారు. బోరింగు పాడైందనీ, కూలి రాలేదనీ గోండిలో చెప్పినవాళ్లున్నారు, అధికారి కదిలి బోరింగు బాగైన ఊళ్లున్నాయి. అప్పటికి ఈ పల్లెల్లో స్మార్ట్‌ఫోను లేదు, టవర్లు అంతంతమాత్రం. బోరింగు గోడు వినగలిగిన ఫోను, రహస్యంగా, ఒక ఆడమనిషి చెవికి, పిల్ల గోడు వినలేదా?

మీలో లాయర్లున్నారు కాబట్టి ఒక చిక్కు దాటవెయ్యకుండా చెప్పాలి. చట్టం దృష్టిలో పద్దెనిమిది నిండనివాళ్లంతా బిడ్డలే. ఇక్కడ పైఠు ఆచారం ఉంది, పిల్ల తానే వెళ్లి నచ్చినవాడి ఇంట అడుగుపెడుతుంది. పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి ఒకరి ఫొటోలు ఒకరు దాచుకుంటే చట్టం ఇద్దర్నీ ఎలా చూస్తుందో వాళ్లకు తెలియదు. విడిపోయాక వాడు బెదిరిస్తే, 'చెబితే వాణ్ణి ఇరవయ్యేళ్లు లోపల వేస్తారేమో' అని పిల్లే వెనకాడుతుంది. ఈ ముడి నేను విప్పలేను. పిల్లలతో శరీరం గురించి, ఇష్టం గురించి, ఫోను గురించి బళ్లో మాట్లాడమని సుప్రీంకోర్టు ఆ 2024 సెప్టెంబరు తీర్పులోనే చెప్పింది. ఆ పాఠం హిందీ ఉపన్యాసంగా మారిపోతే మాత్రం పిల్లలు గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు, నాకు తెలుసు, నేనూ అలా ఒకటి ఇచ్చాను.

మనవాళ్ల చేతిలో ఉన్న ఇంకో సంగతి. మిరప కోతలకు ఏటా సుక్మా, బీజాపూర్ నుంచి తెలంగాణలోని చర్ల, వెంకటాపురం, వాజేడు వైపు కుటుంబాలు కదులుతాయి. పిల్లలూ కదులుతారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడితే ములుగు వైపు చేల నుంచి నడిచి బయల్దేరిన బీజాపూర్ పిల్ల, 12 ఏళ్లది, ఊరు చేరబోతూ దారిలో చనిపోయింది. అప్పుడు మన పేపర్లు రాశాయి. మిగతా సంవత్సరాల్లో ఆ పిల్లలు మన చేలల్లో ఏ పాకల్లో పడుకుంటున్నారో, మేస్త్రీ ఫోను ఎవరి మీదికి తిరుగుతోందో మనం అడగం. ఏదైనా జరిగితే ఆ పిల్ల తెలంగాణ ఠాణాలో గోండిలో చెప్పాలి. భాష తెలిసినవాళ్లు ఈ సభలోనే ఇరవై మంది ఉన్నారు. మీ పేర్లు కావాలి. ఠాణాలకు, బాలల సంక్షేమ కమిటీలకు ఇవ్వడానికి ఒక జాబితా తయారుచేస్తున్నాను. సభ అయ్యాక గుమ్మం దగ్గర నోటుబుక్కు ఉంటుంది. మాస్టారిదే, వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ఆ పిల్ల సంగతి సగంలో వదిలాను. వాడు దొరికాడు, ఫోను పట్టుకున్నారు. నెల తర్వాత ఏదో కాగితం పని మీద మళ్లీ ఠాణా గుమ్మంలో కలిసింది. కాస్త నవ్వు వచ్చింది ముఖానికి. దీదీ, ఇప్పుడు నేనెక్కడున్నాను అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలికి వెళ్లి ఎస్సైని అడిగాను. ఫోను కవరులో పెట్టి, లక్క సీలు వేసి, సాక్ష్యాలు దాచే మాల్‌ఖానాలో బీరువాలో పెట్టామంది. ల్యాబుకు పంపుతామంది. వచ్చి అలాగే చెప్పాను, కవరు, సీలు, బీరువా, తాళం.

పిల్ల కాసేపు ఆలోచించింది.

'తాళంచెవి ఎవరి దగ్గరుంది?' అంది.